పొగ లేని నిప్పు

హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో స్థిరపడిన మనిషికి కాలేయంలో క్యాన్సర్ మొలకెత్తితే, ఆ సంగతి చాలాకాలం అతనికే తెలియదు. కాలేయం లోపలి కండకు నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది దాని మీద ఉన్న పలచని పొరకే. గడ్డ పెరిగి ఆ పొరను సాగదీసేదాకా, లేదా కామెర్లో పొట్టలో నీరో బయటపడేదాకా మనిషి మామూలుగానే తిని తిరుగుతుంటాడు. కంటికి కనబడనిదీ ఒంటికి తెలియనిదీ ప్రత్యక్ష ప్రమాణానికి దొరకదు. ఏదో ఒక గుర్తును పట్టుకుని దాన్ని ఊహించాల్సిందే. వైద్యులు రక్తంలో వెతికే ఇలాంటి గుర్తులను బయోమార్కర్లు అంటారు. భారతీయ తర్కశాస్త్రం ఇటువంటి గుర్తుకు లింగమనీ హేతువనీ పేరు పెట్టింది. దాని ద్వారా కలిగే జ్ఞానాన్ని అనుమితి అంది, ఆ జ్ఞానానికి సాధనమైనదాన్ని అనుమానం అంది.

ఈ చివరి మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. శాస్త్రంలో అనుమానం ఒక ప్రమాణం, అంటే సరైన జ్ఞానాన్నిచ్చే దారి. వాడుకలో అనుమానం అంటే సందేహం. రక్తపరీక్ష కాగితం ఈ రెండు అర్థాల మధ్య నిలబడి ఉంటుంది. అది ఎప్పుడు ప్రమాణమవుతుంది, ఎప్పుడు ఉత్త సందేహంగా మిగులుతుంది అన్నది జ్ఞానానికి సంబంధించిన ప్రశ్న. రాబోయే కీడును ముందే తెలుసుకోవడం మేలా అన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. మొదటిదానికి జవాబు తేలితే గాని రెండోది తేలదు.

కారణం నుంచి కార్యానికి

గౌతముడి న్యాయసూత్రాలు అనుమానాన్ని మూడు రకాలుగా విభజించాయి. కారణాన్ని చూసి కార్యాన్ని ఊహిస్తే పూర్వవత్తు: మబ్బు కమ్మింది కనుక వాన పడుతుంది. కార్యాన్ని చూసి కారణాన్ని ఊహిస్తే శేషవత్తు: ఏరు పొంగింది కనుక ఎగువన వాన పడింది. కార్యకారణాలతో పని లేకుండా, రెండు విషయాలు కలిసి కనబడటాన్ని బట్టి ఊహిస్తే సామాన్యతోదృష్టం. హెపటైటిస్ బి రోగుల రక్తంలో వెతికే గుర్తులు ఈ మూడు గూళ్లలోనూ సర్దుకుంటాయి.

పూర్వవత్తుకు ఉదాహరణ వైరస్సే. బరూచ్ బ్లూంబర్గ్ బృందం 1960లలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కనిపెట్టిన ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ ఈ వైరస్ పైపొరలోని ప్రొటీన్ అని తర్వాత తేలింది. ఆ కృషికి బ్లూంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ యాంటిజెన్ ఆరు నెలలకు మించి రక్తంలో ఉండిపోతే దీర్ఘకాలిక హెపటైటిస్ బి అంటారు. దానికీ కాలేయ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని తైవాన్‌లో పామర్ బీస్లీ బృందం నిలబెట్టింది. 22,707 మంది పురుషులను ఏళ్ల తరబడి గమనించి 1981లో ఫలితాలు ప్రకటించింది. కాలేయ క్యాన్సర్‌తో చనిపోయిన 41 మందిలో 40 మంది వైరస్ ఉన్నవారే. వైరస్ లేనివారితో పోలిస్తే వారికి ముప్పు 223 రెట్లు. తార్కికులు అన్వయ వ్యతిరేకాలు అనేది ఇదే: ఇది ఉన్నచోట అది ఉండటం, ఇది లేనిచోట అది లేకపోవడం.

అయినా మబ్బు పట్టిన ప్రతిసారీ వాన కురవదు. వైరస్ ఉన్నవారిలో ఎక్కువమందికి జీవితాంతం క్యాన్సర్ రాదు. అందుకే మబ్బు ఎంత దట్టంగా ఉందో చూడటం మొదలైంది. తైవాన్‌లోనే 3,653 మంది మీద జరిగి 2006లో వెలువడిన మరో అధ్యయనం రక్తంలో వైరస్ డీఎన్ఏ పరిమాణం పెరిగేకొద్దీ క్యాన్సర్ ముప్పూ పెరుగుతుందని చూపింది. వయసు, మగవారు కావడం, సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడటం), కుటుంబంలో కాలేయ క్యాన్సర్ చరిత్ర, బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నల నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ ఆ మబ్బును ఇంకా చిక్కబరుస్తాయి. ఇవన్నీ ఎవరిని కనిపెట్టుకుని ఉండాలో చెబుతాయి. ఈ రోజు ఈ మనిషి కాలేయంలో గడ్డ ఉందో లేదో చెప్పవు. ఆ మాట చెప్పాల్సింది శేషవత్తు, అంటే గడ్డ తానుగా రక్తంలోకి వదిలే గుర్తు.

పొంగిన ఏరు

అలాంటి గుర్తుల్లో పాతది ఆల్ఫా ఫీటో ప్రొటీన్. గర్భస్థ శిశువు కాలేయం ఈ ప్రొటీన్‌ను పుష్కలంగా తయారుచేస్తుంది. పుట్టాక ఏడాది రెండేళ్లలో అది దాదాపు మాయమవుతుంది. సోవియట్ శాస్త్రవేత్త గ్యారీ అబెలెవ్ కాలేయ కణితులున్న ఎలుకల రక్తంలో అది మళ్లీ తలెత్తడాన్ని 1963లో గమనించాడు. మరుసటి ఏడాది యూరీ టాటారినోవ్ మనుషుల్లోనూ అదే చూశాడు. ముదిరిన కణం క్యాన్సర్‌గా మారుతూ తన శైశవపు అలవాటును తిరగదోడుకుంటుందన్నమాట. మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాములు దాటితే వైద్యులు జాగ్రత్త పడటం వాడుక.

ఇక్కడే తార్కికుడు అడ్డు తగులుతాడు. హేతువు నిలవాలంటే సాధ్యం, అంటే రుజువు చేయదలచినది, ఉన్నచోట అది కనబడటం చాలదు. సాధ్యం లేనిచోట కనబడకుండానూ ఉండాలి. వంటింట్లో నిప్పు ఉంది, పొగ ఉంది. మడుగులో నిప్పు లేదు, పొగ లేదు. అందుకే కొండ మీద పొగ నిప్పుకు సాక్ష్యం చెప్పగలిగింది. సాధ్యం లేనిచోట కూడా తిరిగే హేతువును సవ్యభిచారం అంటారు. అది హేతువులా కనిపించే హేత్వాభాసం. ఆల్ఫా ఫీటో ప్రొటీన్‌కు ఈ దోషం ఉంది. వైరస్ విజృంభించి కాలేయం వాచినప్పుడు, దెబ్బతిన్న కణాల స్థానంలో కొత్తవి పుట్టేటప్పుడు, సిర్రోసిస్‌లో, గర్భిణుల్లో, వృషణాల, అండాశయాల కణితులు కొన్నింటిలో కూడా అది పెరుగుతుంది. హెపటైటిస్ బి రోగి కాలేయం తరచు వాచేదే కనుక, ఈ గుర్తు తప్పుదారి పట్టించే అవకాశం ఎక్కువ ఉన్నది సరిగ్గా దాని అవసరం ఎక్కువ ఉన్న మనిషిలోనే.

అనుమానం అసలు ప్రమాణమే కాదనేవారి వాదాన్ని న్యాయసూత్రాలు ఎదుర్కొన్న తీరు ఇక్కడ అక్కరకొస్తుంది. ఏరు పొంగడం ఎగువ వాన వల్లనే జరగనక్కర్లేదు, దిగువన అడ్డుకట్ట పడినా నీరు ఎగదన్నుతుంది కదా అని ప్రత్యర్థి అడుగుతాడు. ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యం ఇచ్చే సమాధానం ఏమిటంటే, తప్పు అనుమానానిది కాదు, గుర్తును సరిగా చూడని మనిషిది. వాన వల్ల వచ్చిన పొంగుకు వేగం ఉంటుంది, నురుగు ఉంటుంది, పళ్లూ ఆకులూ కొయ్యలూ కొట్టుకొస్తాయి. గోదావరి తీరాన పుట్టినవారికి ఈ సమాధానం విడమరచి చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట వెనక నిండుగా నిలిచిన నీరు వేరు, తొలకరి తర్వాత ఎర్రబారి సుడులు తిరుగుతూ వచ్చే వరద నీరు వేరు. నీటిమట్టం రెండింటికీ ఒకటే కావచ్చు. రంగూ నడకా ఒకటి కావు.

ఆల్ఫా ఫీటో ప్రొటీన్ విషయంలో వైద్యులు చేసిందీ ఇదే. ఆ ప్రొటీన్‌కు అంటుకుని ఉండే చక్కెర గొలుసులు క్యాన్సర్ కణం నుంచి వచ్చినప్పుడు కొంచెం మారి ఉంటాయి. మసూర్ పప్పు నుంచి తీసిన లెక్టిన్ అనే పదార్థం మారిన రూపాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుబడిన భాగాన్ని ఎల్-3 అంటారు. మొత్తంలో అది 10 శాతం దాటితే అనుమానం బలపడుతుంది. నీటిమట్టం కొలవడం మాని నురుగును చూడటం లాంటిదిది.

రెండో గుర్తు పివ్కా-2. రక్తం గడ్డకట్టడానికి కాలేయం తయారుచేసే ప్రోత్రాంబిన్ పని చేయాలంటే విటమిన్ కె సాయంతో దానికి చివరి మెరుగు పడాలి. క్యాన్సర్ కణాలు ఆ మెరుగు లేని ప్రోత్రాంబిన్‌ను రక్తంలోకి వదులుతాయని 1984లో అమెరికాలో గుర్తించారు. విటమిన్ కె లోపం, వార్ఫరిన్ మాత్ర, పైత్యనాళం మూసుకుపోయి వచ్చిన కామెర్లు కూడా దీన్ని పెంచుతాయి. దీనికీ వ్యభిచారం ఉంది, కాని ఆల్ఫా ఫీటో ప్రొటీన్ వ్యభిచరించే దారులు వేరు, ఇది వ్యభిచరించే దారులు వేరు. తగవులో ఒకరితో ఒకరికి పరిచయం లేని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే ఆ మాటకు బరువు ఎక్కువ. జపాన్‌లో ఆల్ఫా ఫీటో ప్రొటీన్, ఎల్-3, పివ్కా-2 మూడింటినీ కలిపి చూడటం చాలాకాలంగా ఆనవాయితీ. బ్రిటన్ పరిశోధకులు 2014లో వీటికి రోగి వయసు, లింగభేదం చేర్చి గలాడ్ అనే లెక్కను తయారుచేశారు. వయసు గడ్డకు కార్యం కాదు. మగవాడు కావడమూ గడ్డ నుంచి రాలేదు. కేవలం కలిసి కనబడటం మీద ఆధారపడిన ఈ భాగం సామాన్యతోదృష్టానికి చెందుతుంది. ఇటీవలి పరీక్షలు చచ్చిన కణాల నుంచి రక్తంలోకి జారిన డీఎన్ఏ తునకలనూ, వాటి మీది మిథైల్ గుర్తులనూ చదివి అవి ఏ అవయవం నుంచి వచ్చాయో, అక్కడ క్యాన్సర్ ఉందో లేదో చెప్పడానికి ప్రయత్నిస్తున్నాయి.

ప్రతి కొత్త గుర్తుకూ మొదట గొప్ప ఫలితాలు రావడం, తర్వాత అవి తగ్గడం ఈ రంగంలో తరచు జరిగేదే. కారణం తర్కశాస్త్రం ఎరిగినదే. తొలి పరీక్షల్లో ఒకవైపు ముదిరిన క్యాన్సర్ రోగులను, మరోవైపు ఆరోగ్యవంతులను నిలబెడతారు. అంటే మండుతున్న వంటింటిని మడుగుతో పోలుస్తారు. అసలు చిక్కు కొండ దగ్గర ఉంది. అక్కడ నిప్పు చిన్నది, పైగా మంచు కమ్మి ఉంది, ఆ మంచే పొగలా కనిపిస్తుంది. అందుకే అమెరికాలోని ఎర్లీ డిటెక్షన్ రీసెర్చ్ నెట్‌వర్క్ పరిశోధకులు 2001లో ప్రతి గుర్తూ దాటాల్సిన ఐదు మెట్లను సూచించారు. ప్రయోగశాల మొదటి మెట్టు. ఆ గుర్తును వాడటం వల్ల జనంలో క్యాన్సర్ భారం తగ్గిందా అని చూడటం ఐదోది.

పొగ లేకపోతే

నిప్పు లేనిదే పొగ రాదని తెలుగు సామెత. పొగ లేకపోతే నిప్పు లేనట్టేనా? సామెత ఆ మాట అనలేదు. శాస్త్రం మాత్రం లేనట్టు కాదని స్పష్టంగా చెప్పింది. 17వ శతాబ్దపు ఆంధ్రదేశీయుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఈ తేడాను విద్యార్థులకు అర్థమయ్యేలా పెట్టాడు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పుంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే తడి కట్టె తోడవ్వాలి. ఆ తడి కట్టెను ఉపాధి అంటారు. ఉపాధి మీద ఆధారపడిన హేతువు సొంతకాళ్ల మీద నిలబడలేదు.

రక్తపరీక్ష విషయంలో ఎక్కువమంది పొరబడే చోటు ఇదే. ఆల్ఫా ఫీటో ప్రొటీన్ మామూలుగా ఉందని తెలిసి రోగి ఊపిరి పీల్చుకుంటాడు. కాని కాలేయ క్యాన్సర్లన్నీ ఆ ప్రొటీన్‌ను వదలవు. తొలిదశలో ఉన్న గడ్డల్లో చాలావాటికి అది 20 నానోగ్రాములు దాటదు. అవి పొగ లేని నిప్పులు. గుర్తు కనబడితే రోగం ఉందనడం ఒక అనుమానం. గుర్తు లేదు కనుక రోగం లేదనడం వేరే అనుమానం. రెండోదానికి వేరే వ్యాప్తి, అంటే ఒకటి ఉన్నచోటల్లా రెండోది తప్పక ఉండే సంబంధం, కావాలి: నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండాలి. ఆధునిక వైద్యం మొదటి బలాన్ని స్పెసిఫిసిటీ అనీ రెండో బలాన్ని సెన్సిటివిటీ అనీ వేర్వేరుగా కొలుస్తుంది. కొండ మీద నిప్పును రుజువు చేయాలనుకునే తార్కికుడికి మొదటిదే ప్రాణం. ఏ కొండ మీదా నిప్పు మిగిలిపోకూడదనుకునే కావలివాడికి రెండోదీ అంతే ముఖ్యం. వైరస్ ఉన్నవారిని ఆరు నెలలకోసారి పరీక్షించే వైద్యుడు కావలివాడు. అతను రక్తపరీక్షతో పాటు అల్ట్రాసౌండ్ స్కాన్ కూడా తీయించడానికి కారణం ఇదే.

గుర్తును తప్పుదారి పట్టించే వాపును తగ్గించవచ్చు. ఎంటెకవిర్, టెనోఫొవిర్ వంటి మందులు వాడుతున్న రోగిలో వైరస్ అణగి, వాపు తగ్గి, వాపు వల్ల పెరిగే ఆల్ఫా ఫీటో ప్రొటీన్ కూడా దిగుతుంది. అప్పుడు కూడా అది పెరుగుతూ పోతే ఆ పెరుగుదల మాట్లాడే తీరు మారుతుంది. మంచు విడిపోయిన కొండ మీద సన్నని పొగ కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మందులు క్యాన్సర్ ముప్పును తగ్గిస్తాయి, పూర్తిగా తీసేయవు. వైరస్ డీఎన్ఏ తునకలు అప్పటికే కాలేయ కణాల జన్యుపదార్థంలో అతుక్కుని ఉంటాయి. కనుక మందు వేసుకుంటున్నా కావలి మానకూడదు.

ఎంత నిజమైతే చాలు

గుర్తు చెప్పే మాట విలువ గుర్తు మీదే కాక, అది ఎవరి గురించి చెబుతోందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. లెక్క కోసం ఊహించిన ఒక ఉదాహరణ దీన్ని తేటపరుస్తుంది. వైరస్ ఉన్న 1,000 మందిలో ఏడాదికి 5 మందికి క్యాన్సర్ వస్తుందనుకోవాలి. పరీక్ష నూటికి 60 క్యాన్సర్లను పడుతుందనీ, క్యాన్సర్ లేని నూరు మందిలో 90 మందికి లేదనే చెబుతుందనీ అనుకోవాలి. అప్పుడు ఆ 5 మందిలో 3 దొరుకుతారు, 2 తప్పిపోతారు. మిగిలిన 995 మందిలో దాదాపు 100 మందికి లేని రోగం ఉన్నట్టు కాగితం మీద పడుతుంది. ఉందని చెప్పిన 103 మందిలో నిజంగా ఉన్నది ముగ్గురికి. అదే పరీక్షను ముప్పు ఎక్కువ ఉన్న సిర్రోసిస్ రోగుల మీద చేస్తే ఈ నిష్పత్తి మెరుగవుతుంది. తర్కశాస్త్రం సాధ్యాన్ని ఎక్కడ రుజువు చేయాలో ఆ చోటును పక్షం అంటుంది. పక్షం మారితే అదే హేతువు బలం మారుతుందన్నది ఈ లెక్క నేర్పే పాఠం.

పరిమితిని 20 నుంచి 400 నానోగ్రాములకు పెంచితే వృథా భయాలు తగ్గుతాయి, తప్పిపోయే గడ్డలు పెరుగుతాయి. దించితే ఇది తారుమారవుతుంది. గీత ఎక్కడ గీయాలో రక్తం చెప్పదు. నూరు మందిని కొద్దిరోజులు భయపెట్టడం ఎక్కువ తప్పా, ఒకరిని తెలియకుండా చావనివ్వడం ఎక్కువ తప్పా అని తూచినవారు గీస్తారు. సంఖ్యలా కనిపించే ఆ గీతలో ఒక విలువల తీర్పు దాగి ఉంది.

ఇంత తడబడే జ్ఞానం మీద నడుచుకోవడం సమంజసమేనా? ప్రత్యక్షాన్ని తప్ప మరో ప్రమాణాన్ని ఒప్పుకోని చార్వాకుల జవాబు ఇక్కడ అనుకోకుండా వైద్యులకు తోడ్పడుతుంది. అన్ని కాలాలకూ అన్ని చోట్లకూ చెల్లే వ్యాప్తిని ఎవరూ చూడలేరని వారి వాదం. పొగ చూసి నిప్పు కోసం వెళ్లే మనిషిని నడిపించేది సంభావన, అంటే ఉండవచ్చన్న తలంపు. వెళ్లాక నిప్పు దొరికితే అతను తన తలంపునే నిశ్చయమనుకుంటాడు. న్యాయశాస్త్రజ్ఞుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో దీన్ని ఖండిస్తూ, సందేహానికీ ఒక హద్దు ఉందన్నాడు. తన నడవడికే విరుద్ధమయ్యేదాకా ఎవరూ సందేహించలేరు. వైద్యం ఇద్దరి మాటనూ తీసుకుంటుంది. గుర్తును సంభావనగా చూసి, లేచి వెళ్లి చూస్తుంది. ఆ చూడటమే సీటీ, ఎమ్మారై స్కాన్. రంగుమందు ఎక్కించినప్పుడు గడ్డ మొదట ధమని దశలో మెరిసి తర్వాత చుట్టూ ఉన్న కాలేయం కన్నా మసకబారితే, దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవారిలోనూ సిర్రోసిస్ ఉన్నవారిలోనూ ముక్క తీసి పరీక్షించకుండానే క్యాన్సర్ అని నిర్ణయించవచ్చు. క్యాన్సర్లలో ఈ వెసులుబాటు అరుదు. ముక్క తీయకుండా చికిత్స మొదలుపెట్టే దశకు చేరితే సందేహం తన హద్దుకు వచ్చినట్టే.

ముందే తెలిస్తే మేలేనా

జ్ఞానం నిజమైనంత మాత్రాన మేలు చేయదు. చైనాలోని చీదోంగ్ ప్రాంతంలో జరిగిన ఒక పరీక్ష దీనికి సాక్ష్యం. వైరస్ ఉన్న 5,581 మంది పురుషులను 1989లో మొదలుపెట్టి రెండు జట్లుగా చూశారు. ఒక జట్టుకు ఆరు నెలలకోసారి ఆల్ఫా ఫీటో ప్రొటీన్ పరీక్ష చేశారు. ఆ జట్టులో క్యాన్సర్లు ముందుగానే బయటపడ్డాయి. కాలేయ క్యాన్సర్ మరణాలు మాత్రం తగ్గలేదు. షాంఘైలో 1993లో మొదలై 2004లో ఫలితాలు వెలువడిన మరో పరీక్షలో 18,816 మంది పాల్గొన్నారు. అక్కడ రక్తపరీక్షకు అల్ట్రాసౌండ్ తోడైంది. పిలిచిన పరీక్షల్లో దాదాపు 58 శాతానికే జనం వచ్చినా, కాలేయ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి. ఆ లెక్కలు కట్టిన పద్ధతి మీద తర్వాత విమర్శలు వచ్చినా, దీర్ఘకాలిక హెపటైటిస్ బి రోగుల కావలికి ఆధారంగా ఎక్కువగా చూపేది ఆ పరీక్షనే.

పది నెలల తర్వాత తెలియాల్సింది ఈ రోజే తెలిసి, చావు మాత్రం అదే రోజున వస్తే, పెరిగింది ఆయుష్షు కాదు, రోగిగా బతికిన కాలం. ముందే తెలిసి, గడ్డ చిన్నగా ఉండగానే కోసి తీసేయడమో, సూదితో కాల్చడమో, కాలేయం మార్చడమో జరిగితే కథ మారుతుంది. ఇటలీలోని మిలాన్ వైద్యులు 1996లో చూపినదాని ప్రకారం, 5 సెంటీమీటర్లు మించని ఒకే గడ్డ, లేదా 3 సెంటీమీటర్లు మించని గడ్డలు మూడింటి దాకా ఉన్న సిర్రోసిస్ రోగులకు కాలేయం మార్చినప్పుడు నాలుగేళ్ల తర్వాత నూటికి 75 మంది బతికి ఉన్నారు. రాబోయే దుఃఖాన్నే తప్పించుకోవాలని యోగసూత్రాల మాట. ఆ మాటలో తప్పించుకునే దారి ఉందన్న నమ్మకం ఇమిడి ఉంది. దారి లేనిచోట ముందస్తు జ్ఞానానికి వేరే సమర్థన కావాలి.

పురాణాల్లో ఈ రెండు రకాల జ్ఞానానికీ ఉదాహరణలున్నాయి. పరీక్షిత్తుకు ఏడు రోజుల్లో తక్షకుడి కాటుతో చావు రాసిపెట్టి ఉందని తెలిసింది. ఆ చావు తప్పలేదు. తెలియడం వల్ల ఆ ఏడు రోజులు మారాయి; గంగ ఒడ్డున కూర్చుని శుకుడి నోట భాగవతం విన్నాడు. సావిత్రికి సత్యవంతుడి ఆయుష్షు ఏడాదే అని నారదుడు చెప్పగా తెలిసింది. ఆమె రోజులు లెక్కపెట్టింది, గడువు దగ్గరపడగానే మూడు రాత్రుల వ్రతం పట్టింది, ఆ రోజున భర్త వెంట అడవికి వెళ్లింది. తెలియడం ఆమెకు ఒక కావలి అయింది, ఆ కావలి చివరికి చావును వెనక్కి తిప్పింది. వైద్యుడు తన పరీక్షలో కోరుకునేది సావిత్రి జ్ఞానం. చికిత్స అందుబాటులో లేని రోగికి మిగిలేది పరీక్షిత్తు జ్ఞానం. దానికీ విలువ ఉంది, కాని దాన్ని కోరుకోవాల్సింది రోగి.

ఎవరు ఎవరికి చెప్పాలి

సావిత్రి కథలో మరో సంగతి తరచు మరుగునపడుతుంది. ఎవరి ఆయుష్షు ప్రశ్నలో ఉందో ఆ సత్యవంతుడికి ఏమీ తెలియదు. కుటుంబం తెలుసుకుని రోగికి దాచే ఆచారం ఇప్పటికీ ఇళ్లలో ఉంది. చరకసంహిత ఇంద్రియస్థానం చివర దీని గురించి స్పష్టమైన నియమం పెట్టింది. మృత్యుసూచకాలను గమనించినా, అడగకుండా వైద్యుడు చెప్పకూడదు. అడిగినా, రోగికో మరొకరికో హాని కలిగేచోట చెప్పకూడదు. ఈ నియమం చావు ఖాయమని తేలిన అరిష్ట లక్షణాలకు వర్తిస్తుంది. ఆయుర్వేదం రోగాన్ని పసిగట్టడానికి చెప్పిన పూర్వరూపం వేరు. అది రోగం పూర్తిగా బయటపడకముందే కనిపించే ఛాయ. సుశ్రుతుడు చెప్పిన ఆరు క్రియాకాలాల ఉద్దేశం కూడా దోషం ఎంత ముందు దశలో పట్టుబడితే అంత తేలిగ్గా అణచవచ్చనే. రక్తంలోని క్యాన్సర్ గుర్తు పూర్వరూపానికి దగ్గర. దాన్ని అరిష్టమనుకుని దాచిపెడితే చరకుడి నియమాన్ని తప్పుచోట వాడినట్టవుతుంది.

చెప్పే తీరుకూ తర్కశాస్త్రం ఒక పద్ధతి ఏర్పరచింది. తనకు తాను తెలుసుకోవడం స్వార్థానుమానం. మరొకరికి తెలియజెప్పడం పరార్థానుమానం. అందులో ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే ఐదు అవయవాలుంటాయి. కాగితం మీద అంకె ఒక్కటే చూపి పంపేస్తే రోగికి అందేది ఒక్క హేతువే. ఆ అంకె ఇంకెందువల్ల పెరగవచ్చో, తన వంటి రోగుల్లో నూటికి ఎందరికి అది నిజమైందో, తర్వాత ఏం చేయాలో చెబితేనే అనుమానం రోగిలో పూర్తవుతుంది. జైనులు ప్రతి వాక్యానికీ ముందు స్యాత్, అంటే ‘ఒక దృష్టితో చూస్తే’ అన్న మాట చేర్చాలన్నారు. పరీక్ష ఫలితాన్ని చెప్పేటప్పుడు ఆ మాట సత్యాన్ని పలచన చేయదు, సత్యాన్ని దాని కొలతలో ఉంచుతుంది.

ఈ వైరస్ గురించి తెలియడంలో మరో బరువు ఉంది. పెళ్లి సంబంధాల్లో, ఉద్యోగాల్లో, ఉమ్మడి వంటింట్లో సైతం వైరస్ ఉన్నవారిని వేరుగా చూడటం కద్దు. ఒకే కంచంలో తినడం వల్ల, చేయి కలపడం వల్ల ఈ వైరస్ అంటదు. అది అంటేది రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు. పరీక్ష చేయించే సమాజం ఈ సంగతి కూడా చెప్పకపోతే, జ్ఞానం ఇచ్చే మేలుకన్నా అపవాదు చేసే కీడు ఎక్కువవుతుంది.

నుదుటి రాత

ఎలా రాసి ఉంటే అలా జరుగుతుందని, పరీక్షల వల్ల ఒరిగేదేమీ లేదని అనేవారు ఉన్నారు. చరకసంహిత విమానస్థానంలో అగ్నివేశుడు గురువు ఆత్రేయుణ్ని ఇదే అడుగుతాడు: ప్రాణుల ఆయుష్షు ముందే నియతమా, అనియతమా? ఆత్రేయుడి సమాధానంలో దైవమూ పురుషకారమూ రెండూ ఉన్నాయి. గతంలో చేసిన కర్మ దైవం, ఇప్పుడు చేసే కర్మ పురుషకారం. ఒకటి బలమైనదైతే రెండోదాన్ని నొక్కేస్తుంది. ఆయుష్షు అంతా నియతమే అయితే ఎవరూ మందులు వాడనక్కర్లేదు, వెర్రి ఏనుగుకు దారి ఇవ్వనక్కర్లేదు. పుట్టినప్పుడు తల్లి నుంచి అంటిన వైరస్‌లో బిడ్డ చేసినది ఏమీ లేదు. దాన్ని ఈ పరిభాషలో దైవమనవచ్చు. ఆరు నెలలకోసారి పరీక్షకు వెళ్లడం పురుషకారం. రక్తంలోని గుర్తు నుదుటి రాతలాంటిది కాదు. నుదుటి రాత జరగబోయేదాన్ని చెబుతుందంటారు, గుర్తు ఇప్పుడు జరుగుతున్నదాన్ని చెబుతుంది. ఇప్పుడు జరుగుతున్నది మార్చడానికి వీలున్నది.

పురుషకారం ఒక మనిషిది మాత్రమే అయి ఉండనక్కర్లేదు. తైవాన్ 1984లో శిశువులకు హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టింది; ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో కాలేయ క్యాన్సర్ తగ్గింది. భారతదేశంలో సొంతంగా తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచి వచ్చింది. నిప్పు రాజుకోకుండా చూడటం పొగ కోసం కాపు కాయడం కన్నా ముందుండే ధర్మం.

టీకా రాకముందే వైరస్ అంటినవారికి కావలి తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 25.4 కోట్ల మంది, భారతదేశంలో 2.98 కోట్ల మంది దీర్ఘకాలిక హెపటైటిస్ బితో ఉన్నారు. ప్రపంచం మొత్తం మీద వారిలో తమకు వైరస్ ఉందని పరీక్షలో తేలినవారు నూటికి 13 మందే. అనుమానం పుట్టాలంటే పక్షత ఉండాలని నవ్యన్యాయం చెబుతుంది. సాధ్యం అప్పటికే నిశ్చయమై ఉండకూడదు. నిశ్చయమైనా, మళ్లీ రుజువు చేయాలన్న కోరిక అయినా ఉండాలి. ప్రాచీనులు దీన్నే ఇంకా సూటిగా, సందేహం ఉన్నచోటే అనుమానం అన్నారు. తన రక్తంలో వైరస్ ఉందని తెలియని మనిషికి తన కాలేయం గురించి సందేహమే పుట్టదు. ఎంత సూక్ష్మమైన గుర్తు కనిపెట్టినా అతని విషయంలో అది హేతువు కాదు, ఎందుకంటే ఆ కొండ వైపు ఎవరూ చూడటం లేదు. క్యాన్సర్ గుర్తుల కన్నా ముందు రావాల్సిన గుర్తు, అరవై ఏళ్ల కిందట దొరికిన ఆ యాంటిజెనే.